ఇప్పచెట్టు కింద జయమ్మత్త వైపు

ఇప్పపువ్వు వాసన తగిలితే చాలు, నా కాళ్లు వాటంతటవే తొక్కడం ఆపేస్తాయి. మొన్న కూడా అంతే. రాయపూర్ నుంచి వచ్చిన నలుగురిని వెంటబెట్టుకుని బస్తర్లో కాంగేర్ లోయ వైపు సైకిళ్ల మీద వెళ్తున్నాను. ఇలా పట్నాల వాళ్లను అడవిదారుల్లో సైకిళ్ల మీద తిప్పడమే ఇప్పుడు నా బతుకుతెరువు. ఎండ ఇంకా ముదరలేదు. రాలిన సాల్ చెట్ల ఆకులు చక్రాల కింద కరకరలాడుతున్నాయి. మలుపు తిరగగానే ఆ వాసన వచ్చింది, తియ్యగా, కొంచెం పులిసినట్టుగా. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒకాయన, "ఇంకెంత దూరం దీదీ?" అని హిందీలో అరిచాడు. జయమ్మత్త ఉండి ఉంటే ఆయన్ని అక్కడే దింపి చివాట్లు పెట్టేది. దారిలో అడగకూడని ప్రశ్న అదొక్కటే అనేది ఆవిడ. మిగతావన్నీ అడిగి తీరాల్సిందే.

జయమ్మత్త మాకు చుట్టం కాదు. బచేలీ ఇనుపగని కాలనీలో మా పక్క క్వార్టరు. మా నాన్న గనిలో డంపరు నడిపేవాడు, ఆవిడ కాలనీ ఆసుపత్రిలో నర్సు. విజయనగరం దగ్గర పల్లె నుంచి వయసులో ఉన్నప్పుడు ఉద్యోగానికి వచ్చి, పెళ్లీ గిళ్లీ లేకుండా ఆ రెండు గదుల్లోనే ఉండిపోయింది. కాలనీలో తెలుగువాళ్ల పిల్లలందరికీ ఆవిడ అత్తే. ఆవిడ దగ్గరికి జ్వరమని వెళ్తే ప్రాణం విసిగిపోయేది. "ఎప్పుడు మొదలైందే? ముందు చలేసిందా, నొప్పులొచ్చాయా? నిన్న ఏటి తిన్నావు?" అంటూ కూపీ లాగేది. డాక్టరుగారు కూడా, "జయమ్మా, మందివ్వనిస్తావా?" అని నవ్వేవాడట. అడగడం ఆవిడకు ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటని అనుకునేదాన్ని. కాదు, పుట్టుకతో వచ్చిన జబ్బు అది. నాకూ అంటించి పోయింది.

రిటైరయ్యే ముందు ఏడాది, ఒక ఆదివారం మా వంటింట్లో చేపల పులుసు తింటూ తింటూ చెయ్యాపింది. కిటికీలోంచి బైలడీలా కొండ కనిపిస్తోంది.

"ఓలమ్మో, ఇన్నేళ్లు ఈ కొండని చూస్తూ అంట్లు తోముకున్నాను గానీ, ఈ బస్తర్లో నాకేటి తెలుసే పిల్లా? ఆసుపత్రి, క్వార్టరు, బజారు. క్వార్టరు తాళాలు కంపెనీకి ఇచ్చేస్తే ఇక్కడ నాదని చెప్పుకోడానికి గజం చోటు లేదు. మా ఊరెళ్తే అందరూ నన్ను బస్తర్ జయమ్మ అంటారు. బస్తర్ ఎలాగుంటాదని అడిగితే ఏటి చెప్పను?"

నవ్వుతూనే అంది గానీ, కళ్లు కిటికీ మీంచి తిప్పలేదు. ఆవిడ భయపడటం నేను చూసింది అప్పుడే. వచ్చినంత పరాయిగానే వెళ్లిపోతానేమోనన్న బెంగ అది. మా అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. అత్త వినలేదు. "జీపులో వద్దు. జీపులో అన్నీ వెనక్కి పరిగెడతాయి. నడిచే మోకాళ్లు నాకు లేవు. నాకు సైకిలు నేర్పవే" అంది నాతో.

డిగ్రీ అయిపోయి, ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో ఈగలు తోలుకుంటున్న రోజులు నావి. సరేనన్నాను. ఆసుపత్రి వెనక ఖాళీస్థలంలో, చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, అరవయ్యో పడిలో పడుతున్న ఆవిడ నా సైకిలెక్కింది. సీటు పట్టుకుని నేను వెనక పరిగెత్తాను. అందరూ చేసేట్టు చెప్పకుండా వదిలేద్దామనుకుంటే, ముందే పసిగట్టి, "వదిలేటప్పుడు చెప్పాలి సుమా! వదిలినప్పుడు ఎలాగుంటాదో నాకు తెలియాలి" అంది. "వదిలేశానత్తా!" అని అరిచాను. తుమ్మపొదలోకి వెళ్లి పడింది. మోచెయ్యి దులుపుకుంటూ లేచి, "పొట్టలో జిల్లుమంటాదే!" అని చిన్నపిల్లలా సంబరపడిపోయింది.

అత్త రిటైరై, ఊరికి తీసుకెళ్లే సామాన్ల లారీ ఆదివారం వస్తుందనగా, అంతకు ముందు గురువారం బయలుదేరాం. సైకిళ్లు బస్సు మీద కట్టించుకుని జగదల్‌పూర్ చేరి, ఆవిడ స్నేహితురాలింట్లో పడుకుని, తెల్లవారుతూనే కాంగేర్ దారి పట్టాం. భూమి లోపల చీకట్లో ఒక పెద్ద గుహ ఉందనీ, అందులో పుట్టుగుడ్డి చేపలున్నాయనీ ఆవిడ ఎప్పుడో విన్నది. ఆ చేపల్ని చూడాలి, అంతే. మధ్యాహ్నం దాటితే లోపలికి పంపరని నేను ముందే చెప్పాను. కానీ ఆవిడ ప్రయాణం ఎలా సాగేదంటే, ఎత్తు వచ్చిన ప్రతిసారీ మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకుని, "దిగు" అనేది. నాడి నెమ్మదించేదాకా అక్కడే. ఆ ఆగినచోట ఏది కనిపిస్తే దాని మీద పడేది. "ఈ మానుకి బెరడెందుకు లేచిపోయింది? ఆ పిట్ట మనిషిలా కూస్తాదేటే?" నాకేం తెలుసు? మొదట చిరాకుపడ్డాను. తర్వాత్తర్వాత, ఆవిడ ఆగకముందే నేనే దిగిపోయి చూడటం మొదలుపెట్టాను.

గుహకు వెళ్లే అడవి గేటుకు కాస్త ఇవతల ఉంది ఆ చెట్టు. దాని కింద నేల ఎంత శుభ్రంగా ఊడ్చి ఉందంటే, మా కాలనీ వాళ్ల బుర్రకు ఒక్కటే తోస్తుంది. వనభోజనాలకు వెళ్లినప్పుడు మేం అలాగే ఊడ్చుకుంటాం కదా! ఎవరో తిని వెళ్లారు, మనకు చోటు దొరికిందనుకుని దుప్పటి పరిచేశాం. పులిహోర పొట్లం విప్పాం. కింద మెత్తగా ఏవో పువ్వులు నలిగాయి, మంచి వాసన వేసింది, మరీ హాయిగా కూర్చున్నాం.

బుట్ట చంకన పెట్టుకుని ఒకామె పొలం అడ్డంపడి పరిగెత్తుకొచ్చింది. అక్కడి హల్బీ భాషలో, హిందీలో కలిపి దులిపేసింది. "ఏం మనుషులు మీరు? మా పువ్వు మీద దుప్పటి పరుస్తారా? మీ ఇంటి బియ్యం మీద మేమొచ్చి కూర్చుంటే ఊరుకుంటారా?"

నేను బిక్కచచ్చిపోయాను. అత్త మాత్రం లేచి దుప్పటి లాగేసి, తన వచ్చీరాని హిందీలో, "తప్పయిపోయింది తల్లీ. ఇది నీ చెట్టా? అడవిలో చెట్టు నీదెలా అయింది?" అని అడిగింది. ఎకసెక్కమనుకుని ఆమె కళ్లెర్రజేసింది. కాదని అత్త ముఖం చూస్తే తెలిసిపోయింది కాబోలు, చెప్పింది. పేరు బుధ్రి. ఇక్కడ ప్రతి ఇప్పచెట్టూ ఎవరో ఒక ఇంటిదే. పువ్వు రాలే రోజులకు ముందు కింద ఆకులు ఊడ్చి, కాల్చి, నేల సిద్ధం చేసుకుంటారు. ఒకే చెట్టు ఇద్దరక్కచెల్లెళ్లకు వస్తే నీడను పంచుకుంటారు. ఇటు వైపు బుధ్రిది. మేం తొక్కింది చెల్లెలి వైపు. ఆమెను సుక్మా వైపు ఇచ్చారు, ఈ ఏడు రాలేకపోయింది. పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది, రెండు వైపులా ఏరడం తన ఒక్కదాని వల్ల కావడం లేదు.

అత్త కొంగు నడుముకు చుట్టింది. "పట్టు, ఏరేద్దాం."

"అత్తా, గుహ!" అన్నాను.

"నలిపింది మనమే కదే. ఇలాగొదిలేసి పోతే ఆ చేపలు నాకు కనబడతాయా?"

మోకాళ్ల మీద వంగలేక కూలబడి, జరుగుతూ జరుగుతూ ఏరింది. ఏరుతున్నంతసేపూ బుధ్రిని అడుగుతూనే ఉంది. "రాత్రంతా కొమ్మనుండే పువ్వు తెల్లారేసరికే ఎందుకు రాలతాది?" బుధ్రి వింతగా చూసి, "మరి ఎప్పుడు రాలాలి?" అంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు కొట్టుకుంటూ నవ్వారు. మేం గుహ చేరేసరికి లోపలికి పంపడం ఆపేశారు. నాకు ఏడుపొచ్చింది. అత్త ఆ చీకటి నోటి ముందు కాసేపు నిలబడి, లోపలినుంచి వచ్చే చల్లగాలికి అరచెయ్యి చాపి, "పదవే" అంది. తిరిగొచ్చేటప్పుడు బుధ్రి దారి మీదే కాచుకుని ఉంది. "చెల్లెలికి కబురు పెడతాను, అది కాదనదు. ఆ వైపు ఇకనుంచి నీది. వచ్చే ఏడాది రా" అంది. అత్త ఆమె రెండు చేతులూ పట్టుకుంది. అడగడానికి ఏమీ తోచకపోవడం ఆవిడకు అదే మొదటిసారి అనుకుంటాను. జగదల్‌పూర్ దాకా కళ్లు తుడుచుకుంటూ తొక్కింది.

మళ్లీ ఆవిడ రాలేకపోయింది, మోకాళ్లు మొరాయించాయి. కానీ ఎండలు మొదలైతే చాలు, ఫోను వచ్చేది. "నా వైపు ఎలాగుందే? కొమ్మ గానీ విరిగిందా?" ఆ కబురు చెప్పడానికని నేను వెళ్లేదాన్ని. అలా వెళ్లగా వెళ్లగా ఈ దారి నాకు పనైంది, అన్నమైంది. పోయిన చలికాలంలో ఆవిడ మేనకోడలు ఫోను చేసింది. అత్త నిద్రలోనే పోయిందట.

మొన్న చెట్టు దగ్గర సైకిలాపేసరికి రెండు వైపులా ఊడ్చి ఉంది. బుధ్రి ఎప్పటిలాగే, "నర్సు బాయి ఏమంది?" అని అడిగింది. చెప్పాను. చీపురు పక్కన పెట్టి కూర్చుండిపోయింది. ఊడ్చిన రెండో సగం వైపు చూపించి, "మరి ఆ వైపు ఇప్పుడెవరిది?" అంది.

"నాది" అన్నాను. ఆ మాట అనగానే దుఃఖం ఆగలేదు.

వెనకాల వాళ్లను దిగమన్నాను. దూరం అడిగినాయన గొణుగుతూనే దిగి, నా పక్కన గొంతుకూర్చుని, ఒక పువ్వు తీసి వాసన చూసి, "ఇవి పొద్దున్నే ఎందుకు రాలతాయి?" అని అడిగాడు.

బుధ్రి నా వైపు చూసింది. "మరి ఎప్పుడు రాలాలి?" అని ఆమే అనాలి. అనలేకపోయింది. నేనే అన్నాను.