లెక్కల పరీక్షకు కల్లుబండి

పోయిన వారం మా కోరుట్ల హైస్కూలు నుంచి ఒక కొత్త టీచరమ్మ ఫోన్ చేసింది. బడి గురించి, ఊరి గురించి ఒక సంచిక వేస్తున్నారట, అందులో నేనూ ఒక వ్యాసం రాయాలట. మన ఊరి సంప్రదాయాలు, బతుకుదెరువులు, బళ్లు, ప్రముఖ వ్యక్తులు, ఈ నాలుగూ వస్తే చాలు మేడమ్ అంది. ఆ బడిలో నేను చదివింది ఏడో తరగతి దాకానే అని చెప్పినా వినలేదు. వాడకట్టు పిల్లలందరికీ మొదట పలక పట్టించింది అంగన్‌వాడీలో మీరే కదా, మీరు కాకపోతే ఎవరు రాస్తారంది. పొగిడితే కాదనలేని బలహీనత నాకు మొదటి నుంచీ ఉంది. సరేనని కూర్చున్నాను. బతుకుదెరువుల దగ్గర చెయ్యి బాగానే సాగింది. మగవాళ్లు దుబాయికీ మస్కట్‌కీ పోవడం, ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టడం, చుట్టుపక్కల ఊళ్లలో పసుపు, వరి. సంప్రదాయాల దగ్గర బతుకమ్మ, పీర్ల పండుగ, ఎల్లమ్మకు ముగ్గులు వేసి కొలిచే పట్నాలు అని రాశాను. ప్రముఖ వ్యక్తుల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. ఆ టీచరమ్మ తనే కొన్ని పేర్లు పంపింది గానీ, వాళ్లకు ఇప్పటికే విగ్రహాలున్నాయి, నేను కొత్తగా చేర్చేదేమీ లేదు. నా కళ్ల ముందు నిలబడింది మాత్రం నడుముకు చెట్టెక్కే మోకు, మోకాళ్ల పైకి ఎగగట్టిన ధోవతితో మా మామ. నా భర్త తండ్రి, తాళ్లెక్కే మనిషి, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు.

మామ పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. తెల్లవారకముందే మోపెడ్ వేసుకుని తాటివనానికి పోయేవాడు. మేం లేచి వాకిలి ఊడ్చేసరికి లొట్లతో, అంటే కల్లు కుండలతో తిరిగొచ్చేవాడు. మనిషి రాకముందే వాసన వచ్చేది, పుల్లగా, కొంచెం తీపిగా, వాన పడ్డ మట్టి కూడా అందులో కలిసినట్టు. పెళ్లయిన కొత్తలో ఆ వాసనకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత ఎప్పుడైనా ఆ వాసన రాకపోతే మామ ఇంకా రాలేదేమిటని వాకిట్లోకి చూడటం అలవాటైంది. ఆయనకు రెండు నియమాలుండేవి. లొట్టి దించిన వెంటనే ఎవరికీ పోయకముందే కొంచెం కల్లు నేల మీద పోసేవాడు, ఎల్లమ్మ తల్లికి. దాన్ని మా దగ్గర సాక పోయడం అంటారు. పోయినవాళ్ల దినాలకు కూడా వాళ్ల పేరున అట్లాగే సాక పోస్తాం. రెండో నియమం, లొట్టిలో కల్లున్నంతసేపు అడిగినవాడికి లేదనకూడదు. ఈ రెండో నియమం వల్ల మా అత్తమ్మ జీవితమంతా ఆయన్ను తిడుతూనే ఉంది. ఊళ్లో దాహమైనవాళ్లందరికీ మా మామ వచ్చే తొవ్వ బాగా తెలుసు.

అప్పుడు నా భర్త దుబాయిలో తాపీపని చేసేవాడు. ఇంట్లో నేను, మా అమ్మాయి, అత్తామామలు. అత్తమ్మా నేనూ బీడీలు చుట్టేవాళ్లం. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి దారం కట్టడం మొదలుపెడితే మెడ ఎత్తేసరికి పొద్దు వాలేది. ఏడోది అయ్యాక బడి మాన్పించి నన్ను ఆ చాట ముందు కూర్చోబెట్టారు. దానికి ఎవరి మీదా కోపం లేదు, మా వాడకట్టులో ఆడపిల్లలందరిదీ అదే దారి. కానీ వాడకట్టు అంగన్‌వాడీ టీచరు పదవీ విరమణ చేస్తుందని తెలిసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. ఆ కొలువుకు పదో తరగతి పాసై ఉండాలి, వయసు ముప్పై అయిదు దాటకూడదు. నాకు ముప్పై నాలుగు నడుస్తోంది. ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి అన్నీ గట్టెక్కాను గానీ లెక్కల్లో తప్పాను. మళ్లీ రాయడానికి ఒక్క అవకాశమే ఉంది. అది పోతే ఆ తలుపు నాకు ఇక తెరుచుకోదు, మిగిలిన బతుకంతా చాట ముందే. ఈ మాట ఇంట్లో అందరికీ తెలుసు, మా అమ్మాయితో సహా.

నేను చదువుకుంటానంటే అత్తమ్మ ఒక్క మాటా అనలేదు. నా వంతు ఆకు కూడా తన చాటలోకి లాక్కుని, నా బీడీ కార్మికురాలి కార్డు పోకుండా ఇద్దరి బీడీలూ తనే చుట్టింది. సాయంత్రం అయ్యేసరికి ఆమె వేళ్లు వంకర పోయేవి. వేడినీళ్లలో పెట్టుకుంటూ, ఏం చదివినవో చెప్పు, వింటా అనేది. మామ ధోరణి వేరు. అరుగు మీద కత్తి నూరుకుంటూ నా లెక్కలు వినేవాడు. ఎక్స్ అంటే మనకు తెలియనిది అని నేను పైకి చదువుకుంటుంటే ఒకసారి కత్తి ఆపి, "తెల్వనిదానికి గంత పేరెందుకు బిడ్డా? తెల్వది అంటే అయిపాయె గద" అన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత ఊరికే పుట్టలేదని కూడా అన్నాడు. కానీ ఆయన అరుగు మీద ఉన్నంతసేపు పక్కింటి టీవీ చప్పుడు పెరిగితే లేచిపోయి తగ్గించి వచ్చేవాడు.

అవి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉన్న రోజులు. ఊరి నడుమ దీక్షా శిబిరం, రోజుకో కులసంఘం, రోజుకో ఉద్యోగసంఘం. మా బీడీల ఆడవాళ్లం కూడా ఒక రోజు చాటలు పట్టుకుని పోయి అక్కడే బీడీలు చుడుతూ కూర్చున్నాం. మామ తన సంఘంతో మోకు భుజాన వేసుకుని ఊరేగింపులో నడిచాడు. తెలంగాణ వస్తే ఏమొస్తుంది మామా అని అడిగితే, "మన ముచ్చట మనమే చెప్పుకుంటం" అన్నాడు. బంద్ లేని వారం ఉండేది కాదు. అటువంటి ఒక బంద్ రోజే నా లెక్కల పరీక్ష పడింది, అదీ జగిత్యాలలో. పరీక్షలకు పోయేవాళ్లను ఆపవద్దని బంద్ పెద్దలు చెప్పారు. బాగానే ఉంది గానీ బస్సులు లేవు, ఆటోలు లేవు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది నా పని. ఊళ్లో ఎవరి బండి అడిగినా రోడ్డు మీద రాళ్లు పడతాయని భయపడ్డారు.

అప్పుడు మా అత్తమ్మకు ఒక ఆలోచన వచ్చింది. "కల్లుబండిని ఆపే మొగోడు ఈ జిల్లాల ఇంకా పుట్టలే. లొట్లు గట్టుకొని పోర్రి, తొవ్వ గాళ్లే ఇస్తరు" అంది. విన్నప్పుడు మా అందరికీ అది గొప్ప తెలివిగానే తోచింది. మామ ఆ రోజు దించిన కల్లు దుకాణానికి వేయకుండా మోపెడ్‌కు రెండు పక్కలా కట్టాడు, నురగ మీద తాటాకు కప్పాడు. నేను వెనక ఆ లొట్ల నడుమ కాళ్లు ముడుచుకుని, హాల్ టికెట్ ప్లాస్టిక్ సంచిలో పెట్టి రవికలో దోపుకుని కూర్చున్నాను. పరీక్ష మధ్యాహ్నం. ఎండ ఎక్కకముందే బయలుదేరాం కనుక కావలసినంత సమయం ఉందనుకున్నాం.

ఊరు దాటగానే మొదటి రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా ఒక ఎడ్లబండి, దాని చుట్టూ తెలిసిన ముఖాలే. నేను హాల్ టికెట్ తీయబోయాను గానీ నా వైపు ఎవరూ చూడలేదు. అందరి చూపూ లొట్ల మీదే.

"ఓ కాకా, యాడికి పోతున్నవ్? దిగు, దిగు. పొద్దటి సంది నోరెండుతున్నది."

కల్లుబండిని ఆపే మొగవాడు పుట్టలేదని అత్తమ్మ అన్నది నిజమే. ఊరి మొగవాళ్లందరూ కలిసి ప్రేమగా ఆపుతారని ఆమెకూ తోచలేదు, మాకూ తోచలేదు. మామ దిగాడు, మొదట నేల మీద సాక పోశాడు, తర్వాత మోదుగాకు డొప్పల్లో పోయడం మొదలుపెట్టాడు. డొప్ప పట్టుకున్నవాడు ఊరికే తాగి పోడు కదా, దుబాయిలో కొడుకు ఎట్లున్నాడు, ఈసారి తాళ్లు ఎట్ల పారుతున్నాయి అని అడుగుతాడు. నేను మెల్లగా "మామా, యాళ్లయితున్నది" అన్నాను. "ఒక్క డొప్ప బిడ్డా. అడిగినోనికి లేదంటనా?" అన్నాడు. రెండో చోట రోడ్డు మీదే వంటావార్పు జరుగుతోంది. మగవాళ్లు మామను పట్టుకుంటే ఆడవాళ్లు నన్ను పట్టుకున్నారు. తినకుండ పోతే మా వంటకు వంక పెట్టినట్టేనని ఒకామె నా చేతిలో విస్తరి పెట్టింది. కిచిడీ రెండు ముద్దలు గబగబా మింగాను. తలెత్తి చూస్తే సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు.

మేడిపల్లి దగ్గరికి వచ్చేసరికి నాకు ధైర్యం పోయింది. అక్కడ రోడ్డు నిండా జనం. పక్కన టెంటు, టెంటులో ఉద్యమంలో ప్రాణాలు వదిలిన పిల్లల ఫోటోలు, వాటికి బంతిపూల దండలు. మమ్మల్ని చూడగానే పది చేతులు బండిని పట్టుకున్నాయి. అంతమందికి పోయాలంటే ఎంతసేపు పడుతుందో లెక్కలు తప్పిన నాకు కూడా తెలిసిపోయింది. మామ నియమం మామది, దాన్ని తప్పమని అడిగే నోరు నాకు లేదు. బండి దిగి రోడ్డు అంచున నిలబడి ఏడ్చేశాను. "మామా, నా పరీక్ష నీ లొట్లల్లనే మునుగుతున్నది" అన్నాను. పెళ్లయి వచ్చాక ఆయనతో అంత మాట అనడం అదే మొదటిసారి.

మామ నన్ను చూశాడు, చేతులు చాపిన వాళ్లను చూశాడు, టెంటు వైపు చూశాడు. బండికి కట్టిన తాళ్లు విప్పి ఒక లొట్టి ఎత్తుకుని ఫోటోల ముందుకు నడిచాడు. చెప్పులు విడిచాడు. లొట్టి వంచి నేల మీద పోశాడు. కొంచెం పోసి ఆగుతాడనుకున్నారు అందరూ. ఆయన ఆగలేదు. ఆ లొట్టి అయ్యాక ఇంకొకటి తెచ్చాడు, దాని తర్వాత మిగిలినవీ. తెల్లని నురగ రోడ్డు మీదికి పారుకుంటూ వచ్చి మా అందరి కాళ్ల దగ్గర ఆగింది. బండిని పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలాయి.

"గీ పిల్లలు పానాలిచ్చిన్రు. ఇయ్యాల మనం తాగుడు కాదు, గాళ్లకు పోసుడు" అన్నాడు మామ. ఖాళీ లొట్టి కింద పెట్టి, "ఇగ నా తాన కల్లు లేదు. నా కోడలు లెక్కల పరీక్షకు పోతున్నది, తొవ్వ ఇయ్యిర్రి" అన్నాడు.

ఒక ముసలాయన వంగి ఆ తడిని వేలితో నుదుటికి అద్దుకున్నాడు. ఇద్దరు యువకులు రోడ్డుకు అడ్డం పెట్టిన మొద్దును జరిపారు. ఇంకొకతను ఏమీ అడగకుండానే తన మోటారుసైకిలు తీసి, జగిత్యాల దాకా ఎవరూ ఆపకుండా మా ముందు నడిపాడు. అతని పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. ఈ రోజుకూ ఆ ముఖం గుర్తుంది. నేను హాల్లో అడుగుపెట్టేసరికి ప్రశ్నపత్రాలు పంచుతున్నారు. నా చీర కుచ్చిళ్ల నిండా కల్లు వాసన. పక్క బెంచీ ఆమె ముక్కు చిట్లించి జరిగి కూర్చుంది. నాకు మాత్రం ఆ వాసన వస్తున్నంతసేపు మామ వెనకాల అరుగు మీద కూర్చున్నట్టే ఉంది. వచ్చినవి వచ్చినట్టు రాశాను, ఎక్స్ విలువ కూడా ఏదో ఒకటి తేల్చాను.

బయటికి వచ్చేసరికి మామ గోడ నీడలో తువ్వాల మీద పడుకుని ఉన్నాడు. "రాసినవా?" అన్నాడు. రాసిన అన్నాను. "అయితె పా" అన్నాడు, అంతే. తిరుగుదారిలో బంద్ ముగిసింది. మేడిపల్లి దగ్గర లారీలు పోతున్నాయి. కల్లు పారిన చోట చిన్న మరక, దాని మీద ఈగలు. ఇంటికి రాగానే అత్తమ్మ ఖాళీ లొట్లు చూసి తన ఉపాయం పారిందని సంబరపడి, కల్లంతా ఎవరు తాగారని అడిగింది. "చానా మంది" అన్నాడు మామ. అసలు సంగతి ఆమెకు ఎన్నాళ్లకో ఇంకెవరో చెప్పారు. ఆ రోజు మాత్రం ఆమె తిట్టలేదు, మామ లొట్లు కడిగి బోర్లించుకున్నాడు.

అత్తెసరు మార్కులతోనే పాసయ్యాను. కొలువు వచ్చింది. నేను చాట పక్కన పెట్టిన రోజున అత్తమ్మ దాన్ని కడిగి బియ్యం చెరగడానికి తీసుకుంది, మా అమ్మాయికి బీడీ చుట్టడం నేర్పలేదు. మామ పోయి కొన్నేళ్లయింది. ఆయన దినానికి సాక పోసేటప్పుడు కొంచెం పోసి ఆగడం నాకు చేతకాదు, లొట్టి ఖాళీ అయ్యేదాకా పోస్తాను. ఆ రోడ్డు ఇప్పుడు వెడల్పయింది, ఆ మరక ఎక్కడుండేదో బస్సులోంచి చూస్తే పోల్చుకోలేను. పూట గడవకముందే ఆరిపోయిన ఆ కల్లు తడి మీదే ఇన్నేళ్ల నా బతుకు పచ్చగా నిలబడింది.