రమణ చేతికి బటన్లు చేయించడానికి ఉదయగిరి దాకా

చేతుల్లో పట్టుకుని ఆడుకునే గేమింగ్ కంప్యూటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, చెన్నైలో, నా ఉద్యోగం. తెరను, లోపలి చిప్పులను వేరేవాళ్ళు చూసుకుంటారు. బటన్లు ఎక్కడ ఉండాలి, ఎంత లోతుకు దిగాలి, ఎంత బలంగా నొక్కితే పనిచేయాలి అన్నది నా పని. ఆ పనిలో నాతో రెండేళ్ళు కలిసి కూర్చున్నవాడు రమణ. ఊరు ఆత్మకూరు. పోయిన ఏడాది, ఊళ్ళో సొంత కొట్టు చూసుకోవాలని చెప్పి మానేసి వెళ్ళిపోయాడు. తర్వాత ఫోన్లు తగ్గాయి. కొన్ని నెలల క్రితం ఒకరోజు వాళ్ళావిడ సునీత ఫోన్ చేసి పీఎఫ్ కాగితాల గురించి అడిగింది. “ఆయన సంతకం చెయ్యలేడన్నా. వేలిముద్ర వేస్తే ఒప్పుకుంటారా?” అంది. నరాల జబ్బనీ, చేతుల్లో కండ కరిగిపోతోందనీ, తగ్గేది కాదని డాక్టర్లు చెప్పేశారనీ అప్పుడు తెలిసింది.

ఆ ఫోన్ పెట్టేశాక నాకు ఒక మీటింగ్ గుర్తొచ్చింది. రమణ అప్పుడు బంకమట్టితో ఒక నమూనా చేసి తెచ్చాడు. పై అంచున ఉండే రెండు బటన్లను వెనక్కి దించి, వెడల్పు చేసి, వాటికి కావలసిన బలం సగానికి తగ్గించాలన్నాడు. అంత మెత్తగా ఉంటే ఊరికే వేలు తగిలినా నొక్కుకుపోతాయని నేను వాదించాను. అతను వదల్లేదు. చివరికి విసుగొచ్చి, “మనం చేసేది ఆటగాళ్ళకు రమణా, కాటికి కాళ్ళు చాపిన ముసలాళ్ళకు కాదు” అన్నాను. గదిలో ఎనిమిది మందిమి. అందరూ నవ్వారు. ఆ మట్టి నమూనా అతని సొరుగులోనే ఉండిపోయింది, గట్టిపడి, పట్టుకున్న వేళ్ళ గుర్తులతో సహా.

ఉదయగిరి చెక్క చెంచాల గురించి నాకు చెప్పింది కూడా రమణే. ఒకటి టేబుల్ మీద పెట్టుకునేవాడు, వేలికి జారని నునుపు ఇదీ అంటూ. అందుకే ఈ ప్రయాణం. మా నమూనా యంత్రాల్లో ఒకటి అడిగి తీసుకుని, రమణ చెప్పినట్టే వెనక వైపు రెండు బటన్లకు చోటు చేశాను. లోపలి రబ్బర్లన్నీ తీసి చాలా మెత్తనివి వేశాను. పైన చెక్క బటన్లు ఉదయగిరిలో చేయించి, అదే రోజు ఆత్మకూరులో అతని చేతిలో పెట్టాలనుకున్నాను.

చెన్నైలో తెల్లవారకముందే రైలెక్కితే ఎనిమిదిన్నరకల్లా నెల్లూరులో దిగాను. బస్టాండులో నాలుగు ఇడ్లీలు తిని, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్ళే బస్సెక్కాను. టికెట్ నూట యాభై లోపే. మీరు ఈ దారిలో వెళ్తే కిటికీ పక్కన కూర్చోండి. పెన్నా వైపు పచ్చటి వరి పొలాలు వెనకబడుతూ, నేల ఎర్రబడి, కంపచెట్లు మొదలవడం బాగా కనిపిస్తుంది. పదిన్నరకు ఆత్మకూరు వచ్చింది. “ఆత్మకూరోళ్ళు దిగాల, తొందరగా!” అని కండక్టర్ అరిచాడు. రమణ కొట్టు అక్కడికి ఐదు నిమిషాల నడక. ముందు దిగి చూసి వెళ్ళొచ్చు. కానీ ఒట్టి చేతులతో అతని ఎదుట నిలబడే ధైర్యం లేక సీటులోనే ఉండిపోయాను.

పన్నెండు దాటాక ఉదయగిరిలో ఆటో ఎక్కాను. ఎక్కడికని చెప్పకముందే డ్రైవర్, “కొయ్య చెంచాల కాడికేనా సార్? సంచి చూస్తే తెలస్తా ఉండాది, కొనేదానికి వచ్చినారని” అంటూ నలభై రూపాయలకు ఒక పెంకుటింటి ముందు దింపాడు. వసారాలో నలుగురు ఆడవాళ్ళు చెక్కతో గరిటెలు, ఫోర్కులు చెక్కుతున్నారు. వాళ్ళలో పెద్దావిడ మస్తాన్‌బీ. యాభై అయిదేళ్ళుంటాయి. నా చేతిలోని యంత్రాన్ని తిప్పి తిప్పి చూసింది.

“ఏంది నాయనా ఇది, ఫోనా?”

“ఆటలాడే కంప్యూటరమ్మా. ఈ ప్లాస్టిక్ బటన్లు తీసేసి చెక్కవి పెట్టాలి. ముందు నాలుగు, వెనక రెండు. బొటనవేలితో తిప్పే ఈ పుల్ల మీదకు ఒక టోపీ.”

“చెంచాలు చేసినాము, దువ్వెనలు చేసినాము. బటన్లు ఎన్నడూ చెయ్యలా. ఎవురి చేతికి?”

రమణ సొరుగులోంచి తెచ్చిన మట్టి నమూనాను సంచిలోంచి తీసి ఇచ్చాను. ఇది నా స్నేహితుడు పట్టుకున్నదనీ, ఇప్పుడు అతని చేతుల్లో బలం లేదనీ, ఈ గుర్తులకు సరిపోయేలా చేయాలనీ చెప్పాను. ఆమె ఆ గుంటల్లో తన వేళ్ళు ఒక్కొక్కటే పెట్టి చూసింది. కుడి బొటనవేలి గుర్తు దగ్గర ఆగిపోయింది.

“కుడిచేతి మనిషేనా?”

“అవునమ్మా.”

“అయితే ఇది పట్టుకున్నపుడే ఆ చెయ్యి బాగలేదు నాయనా. చూడు, ఎడమ వేళ్ళు బాగా దిగినాయి. కుడివి ఊరికే పైపైన తాకినాయి. ఈ బొటనవేలు నొక్కలేక పక్కకి జారిపోయినాది.” నా ముఖం చూసి మెల్లగా అంది, “మా ఆయనకు పక్షవాతం వచ్చినాక ఆయన చేతికని గరిటెలు చేస్తా వచ్చినా. నాకు తెలుసు.”

ఆ నమూనా మీటింగుకు వారం ముందు చేసింది. అంటే రమణ ఆ రోజు వాదించింది ఎవరో ఆటగాళ్ళ గురించి కాదు. నేను వసారా మెట్టు మీద కూర్చున్నాను. మస్తాన్‌బీ లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెప్పించి ఇచ్చింది.

పని రెండు గంటలు పట్టింది. అక్కడి కొండల్లో దొరికే నర్ది చెక్క ముక్కను ఉలితో చెక్కి, ఆకురాయితో అంచులు తీసి, గరుకు కాగితంతో రుద్దింది. నేను గీసి తెచ్చిన బొమ్మలో బటన్లు పైకి ఉబ్బి ఉన్నాయి. ఆమె ఒప్పుకోలేదు. “ఉబ్బుగా ఉంటే బలంలేని వేలు నిలవదు. గుంటగా ఉండాల” అని ప్రతి బటన్ మధ్యలో చిన్న పల్లం తీసింది. అమర్చాక తన చేతిని చచ్చుబడినట్టు వేలాడేసి, వేలి బరువుతోనే నొక్కి చూసింది. మూడుసార్లు నాచేత విప్పించి, తనే ఇంకా పలచన చేసింది. పదేళ్ళుగా ఈ పని చేస్తున్న నేను ఎన్నడూ అలా పరీక్షించలేదు. ఆమె అడిగిన ఆరు వందలు ఇచ్చి బస్సుకు బయల్దేరాను.

ఆత్మకూరు చేరేసరికి నాలుగున్నర. రమణది కిరాణా హోల్‌సేల్ కొట్టు. గల్లాపెట్టె పక్క కుర్చీలో కూర్చుని సునీతకు ధరలు చెబుతున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో, అరచేతులు పైకి, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు ఉన్నాయి.

“ఏందిరా శేఖరా, చెప్పకుండా వచ్చినావు!” అని నవ్వాడు. లేచి చెయ్యి కలపలేదు.

మాటల్లోకి వెళ్ళడం చేతకాక నేను యంత్రం తీశాను. సునీత అతని ఒళ్ళో ఒక గోనెసంచి మడతపెట్టి, దానిమీద యంత్రాన్ని ఉంచి, వేళ్ళను ఒక్కొక్కటే బటన్ల మీద అమర్చింది. వెనక బటన్లు తగలగానే రమణ నావైపు చూశాడు. తెరమీద మేం పరీక్షకు వాడే చిన్న బొమ్మ నిలబడి ఉంది. ఎడమ చూపుడువేలు కదిలింది. బొమ్మ ఒక్కసారి ఎగిరింది. సునీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కుడిచేయి. చాలాసేపు చూశాం. అతని నుదుట చెమట పట్టింది. బొటనవేలు పల్లంలోనే ఉంది, కానీ బొమ్మ కదల్లేదు.

“బాగుండాదిరా,” అన్నాడు చివరికి. “ఆరు నెలల ముందు తెచ్చుంటే ఆడేవాణ్ణి.”

“ఆ రోజు మీటింగులో నేనన్న మాట...”

“గుర్తుండాది. నేను గూడా నవ్వినాను గదా.”

“నీకప్పటికే తెలుసా?”

“చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతా ఉన్నా అప్పటికే. సునీతకు గూడా చెప్పలా.”

“నాకైనా చెప్పొచ్చు కదా రమణా?”

“చెప్తే బటన్ మారుస్తారా మీరు? మనిషిని మారుస్తారు.”

క్షమించమని అడిగాను. అతను సరేననలేదు, వద్దనలేదు. కొంచెంసేపు యంత్రం వంకే చూసి, “కుడి బటన్ ఇంకో రెండు మిల్లీమీటర్లు కిందికి దించు. బొటనవేలు ఎత్తాల్సి వస్తాంది,” అన్నాడు. “నాకు కాదులే. నాకింక అయిపోయినాది. ఇట్టాంటి చేతులోడు ఇంకెవుడన్నా ఉంటాడు.” ఆ తర్వాత యంత్రం నన్ను తీసుకోమని, పక్కన కూర్చుని ఆడమన్నాడు. గంటసేపు నేను ఆడాను. ఎడమకు పో, ఇప్పుడు ఎగురు, తొందరపడబాక అని అతను చెబుతూ ఉన్నాడు. ఆరున్నరకు నెల్లూరు బస్సెక్కాను.

సోమవారం ఆఫీసులో కుడి బటన్‌ను రెండు మిల్లీమీటర్లు దించి గీశాను. వెనక బటన్లనూ పెట్టాను. వాటి గురించి ఈసారి నేనే వాదించాను, ఎవరి చేతికోసమో పేరుపెట్టి చెప్పాను. ఒప్పుకున్నారు. ఆడి చూసిన కుర్రాళ్ళలో ఒక్కడు కూడా బటన్లు మెత్తగా ఉన్నాయని అనలేదు. నేను అంతగా భయపడిన తేడా వాళ్ళకు తెలియనే లేదు. దానికోసమా ఒక మనిషిని ఎనిమిది మందిలో నవ్వులపాలు చేశానన్నది నాతోనే ఉంటుంది. ఇప్పుడు నెలకో ఆదివారం ఆత్మకూరు వెళ్ళి, అతను చెబుతుంటే ఆడుతున్నాను. పోయినసారి రమణ మాట కూడా కొంచెం ముద్దగా వచ్చింది. ఎడమకా కుడికా అని రెండోసారి అడగాల్సి వచ్చింది.

వెళ్ళాలనుకునేవారికి ఒక సూచన. చెక్క పని దగ్గరుండి చేయించుకోవాలంటే మధ్యాహ్నమంతా అక్కడే పోతుంది. కాబట్టి నెల్లూరులో ఉదయం తొమ్మిది లోపు బస్సెక్కండి, శుక్రవారం వద్దు, ఆ రోజు వాళ్ళకు పని ఉండదు. ఉదయగిరి దాకా వెళ్ళి కోట ఎక్కలేదా అని చాలామంది అడిగారు. కోటకు ఇంకో పూట కావాలి. ఆ దారిలో మీరు చూడాల్సిన మనిషి ఎవరైనా ఉంటే ఆ పూట వాళ్ళకివ్వండి. కోట ఎక్కడికీ పోదు.