కుడివైపు స్పీకరు

ఐవర్ పాస్కోకి తన చెవులంటే మహా గర్వం. ఆస్ట్రేలియాలో మా కడీనా ఊరి చుట్టుపక్కల ఎవరు కొత్త స్పీకర్లు కొన్నా ముందు ఐవర్‌కి కబురెళ్ళేది. ఆయన వచ్చి, కుర్చీ మధ్యకు జరుపుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. కాసేపటికి "పర్లేదు" అన్నాడంటే ఆ ఇంటాయన వారం పాటు నేలమీద నిలిచేవాడు కాదు. "అబ్బే" అన్నాడా, ఆ స్పీకర్లు కారు షెడ్డుకు చేరేవి.

వాలరూ రేవులో, ఓడల్లోకి గోధుమలు ఎత్తిపోసే యంత్రం పక్కన పనిచేసి రిటైరైన మనిషి. ఫుట్‌బాల్ ఆడలేదు, చేపలు పట్టడం రాదు. మా ఊళ్ళో ఈ రెండూ రాని మగాణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఐవర్‌ని నలుగురిలో నిలబెట్టినవి ఆ చెవులే. అందుకే భార్య మెర్ల్ "ఒక్కసారి చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నప్పుడల్లా ఇంతెత్తున లేచేవాడు. "ఊరంతా నా చెవులు అరువడుగుతుంటే నీకు అనుమానమొచ్చిందా?" అని అరిచేవాడు.

ఆదివారాలు కలిసి పాటలు వినే మా బృందంలో గార్త్‌కీ ఐవర్‌కీ పడేది కాదు. సీడీ ప్లేయరు నుంచి ఆంప్లిఫయర్‌కి పాట ఏ తీగలో వెళ్ళాలన్నదే తగువు.

"డిజిటల్ తీగ ఒక్కటి చాలు. అందులో పోయేవి అంకెలు. అంకెలకు జలుబు చెయ్యదు, గొంతు మారదు" అనేవాడు గార్త్.

"అంకెలు కావాలంటే బ్యాంకుకి పోరా" అనేవాడు ఐవర్.

ఆయనది అనలాగ్ పక్షం. జంట తీగలుండాలి, ఎర్ర పిన్ను కుడివైపుకు, తెల్ల పిన్ను ఎడమవైపుకు. తీగలో పాట అంకెలుగా కాక పాటలాగే రావాలి. ఏళ్ళ తరబడి ఈ గోల విని విని నాకు అన్ని తీగలూ తెంపి పారెయ్యాలనిపించేది.

పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం ఐవర్ ఇంట్లోనే తేల్చేద్దామన్నారు. గార్త్ రెండు రకాల తీగలూ తగిలించి, సామాను మీద దుప్పటి కప్పాడు. మీట తిప్పితే ఒకసారి డిజిటల్, ఒకసారి అనలాగ్. ఏది ఏదో గార్త్ చెప్పడు, ఐవర్ వినే చెప్పాలి. మెర్ల్ మాంసం, దుంపలు కూరి కాల్చిన వేడివేడి పాస్టీలు, సాస్ సీసా తెచ్చిపెట్టి తలుపు దగ్గర నిలబడింది.

పియానో, దానితో ఒకావిడ పాట. మొదటిసారి గదంతా నిండుగా వినబడింది. గార్త్ మీట తిప్పాడు. పాట మొత్తం ఎడమ మూలకు పోయింది. కుడి స్పీకరు మూగబోయింది. తీగ ఊడిందని నాకూ గార్త్‌కీ క్షణంలో తెలిసిపోయింది. గార్త్ చెయ్యి దుప్పటి మీదకు వెళ్ళింది కూడా.

"కదపకు!" అన్నాడు ఐవర్. కళ్ళు మూసుకునే ఉన్నాడు, మొహం వెలిగిపోతోంది. "ఇదే. ఇదే అనలాగ్. గరుకంతా పోయి ఎంత మెత్తగా ఉందో చూడండి! ఆవిడ సరిగ్గా మన మధ్యలో నిలబడి పాడుతోంది."

మా మధ్యలో ఎవరూ లేరు. పాటంతా ఎడమ మూల నుంచే వస్తోంది. ఐవర్‌ని ఓడించాలని ఇన్నాళ్ళు కాచుకున్న గార్త్, నేలకేసి చూస్తూ, "నువ్వే గెలిచావు ముసలోడా. అనలాగే" అన్నాడు. ఆ మాట నిజమే, అదే నాకు మరీ కష్టంగా తోచింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. గార్త్‌ని ఇంకాస్త ఏడిపించాలని ఐవర్ తన తీగలు చూపించడానికి వెనక్కెళ్ళి దుప్పటి ఎత్తాడు. ఎర్ర పిన్ను కార్పెట్ మీద పడి ఉంది.

కుడి స్పీకరు దగ్గరికెళ్ళి, వంగి, ఎడమ చెవి ఆనించాడు. అందులో చిన్న చప్పుడైనా లేదు.

"మీకు తెలుస్తూనే ఉందన్నమాట" అన్నాడు.

"ఇప్పుడే... నా కాలు తగిలి..." గార్త్ నసిగాడు.

"నోర్ముయ్. అబద్ధమాడ్డం కూడా చేతకాదు నీకు." ఐవర్ మెర్ల్ వైపు తిరిగాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

మేం ఉన్నామని మెర్ల్ మరిచిపోయినట్టుంది. "మంచం మీద నేను నీకు కుడిపక్కనే కదా. దీపం ఆర్పాక ఏదో ఒకటి చెప్పేదాన్ని. నువ్వేమో ఎడమచెవి దిండులో పెట్టి అటు తిరిగి పడుకుంటావు. ఒకప్పుడు పలికేవాడివి, తర్వాత పలకడం మానేశావు. నా మీద మనసు విరిగిందనుకున్నాను. ఏడాది పైనే అలా అనుకుని ఏడ్చాను, ఐవర్."

"నన్ను లేపి అడగొచ్చుగా!"

"ఎలా అడగను? అవునంటే ఏం చెయ్యను? ఓ రోజు నీ కుడిచేతి పక్కనే ఫోను మోగుతుంటే పక్కింట్లో అనుకుని కూర్చున్నావు. అప్పుడు అర్థమైంది. డాక్టరన్నాను, అరిచావు. అప్పటికే రాత్రిళ్ళు నీతో మాట్లాడే అలవాటే పోయింది నాకు."

ఐవర్ కుర్చీలో కూలబడ్డాడు. ఆమెను చెయ్యి పట్టుకుని ఎడమపక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. అప్పుడు చెప్పినవన్నీ చెప్పు. వింటాను."

మెర్ల్ ఆలోచించింది. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూసింది. పెదవులు రెండుసార్లు కదిలాయి. చివరికి ఆయన చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచింది.

"పాస్టీలు చల్లారిపోతున్నాయి, తినండి" అంది.