డప్పుల్లేని పాడె

పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆర్మూర్‌లో కమలవ్వ చనిపోయింది. ఆమె పెద్దకొడుకు దేవన్నకు అప్పటికి ముప్పై దాటాయి. చేనులో ఇద్దరి పని ఒక్కడే చేసేవాడు గానీ అంగడికి పోయేవాడు కాదు. నలుగురు ఒక్కసారి మాట్లాడితే అతనికి మాటలు అందేవి కావు, చప్పుడే మిగిలేది. ఇంటికి చుట్టాలు వస్తే కమలవ్వ అతన్ని చేనికి పంపి, అన్నం అక్కడికే మోసుకుపోయేది.

ఆమె పోయిననాడు నిప్పుకుండ అతనే పట్టాల్సి వచ్చింది. ముందు డప్పులు, వెనక ఏడుపులు, చల్లిన చిల్లర కోసం తోపులాట, కళ్లలోకి పొగ. బజారు మలుపులో డప్పులు జోరందుకున్నాయి. కుండ జారి పగిలింది, నిప్పులు దారంతా దొర్లాయి. దేవన్న చెవులు మూసుకుని పరుగెత్తి, జొన్నచొప్ప కుప్పల మధ్య మొహం నేలకు ఆనించి పడుకున్నాడు. కొరివి తమ్ముడు పోచన్న పెట్టాడు.

నిప్పు నడిదారిలో పడింది కనుక కమలవ్వ వాడ విడిచి పోలేదని, కొడుకునే పట్టుకుందని జనం చెప్పుకున్నారు. భూతవైద్యుడొచ్చి అతని చుట్టూ డప్పు కొట్టించాడు. దేవన్న సొమ్మసిల్లి పడిపోతే దయ్యం దిగిందన్నారు. ఆ తర్వాతే మొదలైంది అసలు బాధ. ఎక్కడ ఏ పెళ్లి మేళం మోగినా, ఆ మోతలోంచి తల్లి గొంతు వచ్చేది. 'యాడున్నవ్ బిడ్డా' అని వెతుక్కుంటున్నట్టు పిలిచేది.

అక్క గంగామణి ఒకనాడు పక్కన కూర్చుని, ఏమవుతుందో చెప్పమని మెల్లగా అడిగింది.

దేవన్న నేల చూస్తూ చెప్పాడు. "డప్పు చెవులకే కాదక్కా, ఒళ్లంత తాకుతది. గప్పుడు అమ్మ సుత యాదికి రాలే."

"అమ్మకు తెల్వదా గది? మరి నిన్ను చేనికెందుకు తోలేది?"

దేవన్న ఆ మాట పట్టుకుని బతికాడు. ఊళ్లో ఎవరు పోయినా పాడె లేవకముందే వాగు ఒడ్డున శ్మశానానికి పోయి కట్టెలు పేర్చేవాడు. డప్పులు దగ్గరకొస్తే దిగువకు తప్పుకునేవాడు. అందరూ స్నానాలు చేసి వెళ్లాక వచ్చి, చితి చల్లారేదాకా కూర్చునేవాడు. అతన్ని చూసి జంకిన జనమే, తర్వాత్తర్వాత మొదటి కబురు అతనికే పంపసాగారు. తల్లి గొంతు మాత్రం ఆగలేదు.

కొన్నేళ్లకు గంగామణి భర్త చంద్రయ్య పోయాడు. డప్పులు వద్దని ఆమె గట్టిగా చెప్పింది. పెద్దలు తప్పన్నారు, ఆమె వినలేదు. ఆ రోజు దేవన్న మొదటిసారి పాడెకు భుజమిచ్చాడు. చప్పుడు లేని పాడెను చూసి బజారులో జనానికి ఒళ్లు జలదరించింది, కొందరు తలుపులు వేసుకున్నారు. దేవన్నకు అడుగుల సవ్వడి ఒక్కటే వినిపించింది. తల్లి పిలవలేదు. పిలుస్తుందేమోనని వాగు దాకా చెవి ఒగ్గి నడిచాడు. అప్పుడుగానీ అతనికి ఏడుపు రాలేదు. ఎవరి కోసం ఏడుస్తున్నాడో అడగకుండా పోచన్న అతని పక్కకు వచ్చి, వెదురుబొంగు కింద తన భుజం కూడా పెట్టాడు.