రెండో ఫ్లైవీల్

1962లో నాకు వరంగల్ మట్టెవాడలో ఆయిల్ ఇంజన్ల రిపేరు షాపు ఉండేది. చుట్టుపక్కల చాలా ఊళ్లకు కరెంటు ఇంకా రాలేదు. పిండి గిర్నీలు డీజిల్ ఇంజన్ల మీదే నడిచేవి. వచ్చిన ప్రతివాడూ "ఇంజన్ ఖరాబైంది" అనేవాడు. సగం సార్లు ఇంజన్ బాగానే ఉండేది, దాన్ని బాగు చేయబోయినవాడి తెలివే ఖరాబయ్యేది.

ఖాజా కూడా ఆ మాటతోనే వచ్చాడు. వరంగల్‌లోనే దర్జీ పని చేసుకునే మనిషి. అతని అన్న యాకూబ్ పాలకుర్తిలో గిర్నీ నడుపుతూ ఎండాకాలంలో జ్వరంతో పోయాడు. యాకూబ్ భార్య హుస్సేన్ బీ, భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు ముగిసేదాకా గడప దాటలేదు. ముగిశాక గిర్నీ తానే నడుపుతానంది. ఇంజన్ స్టార్ట్ చేయడం మాత్రం ఆమె వల్ల కావడం లేదు. తొర్రూరులో ఉండే ఆమె అన్న, గిర్నీ అమ్మేసి చెల్లెల్ని తన ఇంటికి తీసుకుపోతానని వచ్చి కూర్చున్నాడట.

మర్నాడు పొద్దున ఖాజాతో కలిసి బస్సెక్కాను. గిర్నీలోకి వెళ్లేసరికి హుస్సేన్ బీ ఎడమ మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది.

"ఎట్ల తగిలింది చెల్లె?"

"తిప్పుతాంటే ఎనుకకు తన్నింది మిస్త్రన్నా. దీనికి ఆయన చెయ్యే అలవాటు. నా చెయ్యి ఒప్పుకుంటలేదు."

ఇంజన్‌కు రెండు పక్కలా రెండు ఫ్లైవీళ్లు ఉండాలి. ఒకటే ఉంది. రెండోది గోడకు ఆనించి ఉంది.

"గిది ఎవరు తీసిండ్రు?"

"నేనే అన్నా," అన్నాడు ఖాజా. "వదినెకు బరువైతదని తీపిచ్చిన. ఇప్పుడు జర అల్కగ తిరుగుతాంది."

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ప్రేమతో చేసిన పనిని ఎట్లా తిడతాం?

ఫ్లైవీల్ అంటే షాఫ్ట్ కొనకు బిగించే పెద్ద ఇనుప చక్రం. దాని బరువు చాలావరకు అంచులోనే ఉంటుంది. బరువు నడిమికి దూరంగా ఉన్నకొద్దీ చక్రం కదలనని మొండికేస్తుంది. ఆ మొండితనం పేరు మొమెంట్ ఆఫ్ ఇనర్షియా. హ్యాండిల్ తిప్పినప్పుడు షాఫ్ట్ మీద పడే మెలితిప్పు బలం టార్క్. ఆ బలానికి చక్రం తిరిగే వేగం క్షణక్షణానికీ ఎంత పెరుగుతుందో అది యాంగ్యులర్ ఆక్సిలరేషన్. ఒక చక్రం తీసేస్తే వేగం తొందరగా పెరిగే మాట నిజమే. అక్కడిదాకా ఖాజా ఆలోచన సరైనదే.

అయితే స్టార్ట్ చేసే పద్ధతి ఒకటుంది. ముందు డీకంప్రెషన్ లీవర్ ఎత్తిపెడితే సిలిండర్‌లో గాలి బయటికి పోతూ ఉంటుంది, ఇంజన్ సులువుగా తిరుగుతుంది. వేగం అందాక లీవర్ వదలాలి. అప్పుడు గాలి లోపలే చిక్కి బిగుసుకుంటుంది. ఆ బిగువును దాటించేది చక్రంలో అప్పటికే చేరిన ఊపు. మనిషి చెయ్యి ఎంత తిప్పినా ఒక వేగం దాటి పోలేదు. ఆ వేగంలో తేలిక చక్రంలో ఉండే ఊపు చాలదు. పిస్టన్ సగం దాకా పోయి వెనక్కి తంతుంది. హుస్సేన్ బీ మణికట్టు వాచింది అందుకే.

ఊరివాళ్లిద్దరిని పిలిచి, నలుగురం పట్టి రెండో చక్రం ఎక్కించాం. అది చూసి, మూలన కూర్చున్న ఆమె అన్న లేచాడు.

"ఒక్క చక్రానికే చెయ్యి వాసింది, మల్ల రెండోదా? చంపుతవా మా చెల్లెను?"

"జర ఆగు అన్నా, తిప్పనీ," అంది హుస్సేన్ బీ.

"ఇసుర్రాయి తిప్పినవు గద చెల్లె," అన్నాను. "మొదటి సుట్టు బరువుంటది. తర్వాత అదే పోతాంటది. ఒక్కసారే జోరు పెట్టకు. తిప్పుకుంట పో, ఆపకు. లీవర్ ఎప్పుడు ఇడువాల్నో నీకే ఎరుకైతది."

ఆమె కొంగు బిగించి హ్యాండిల్ పట్టుకుంది. చక్రాలు మొదట కదలనే లేదు. తర్వాత బద్ధకంగా కదిలాయి. "అయితలేదు, ఇడిసిపెట్టు," అన్నాడు అన్న. ఆమె వినలేదు. చుట్టు చుట్టుకూ వేగం చేరింది. ఆమె లీవర్ వదిలింది. ఇంజన్ ఒకసారి మూలిగి, బిగువు దాటి, దబదబా అందుకుంది. ఖాజా కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

అన్న మాత్రం మెత్తబడలేదు. "ఇయ్యాల మిస్త్రీ ఉన్నడు. రేపు?"

హుస్సేన్ బీ వెళ్లి డీజిల్ ఆపేసింది. నడుస్తున్న ఇంజన్‌ను ఎందుకు ఆపిందోనని ఒక అడుగు ముందుకేశాను. చక్రాలు పూర్తిగా నిలిచేదాకా ఆమె పక్కనే నిలబడింది.

"మిస్త్రన్నా, నువ్వు బయటికి పో," అంది.

బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఇంజన్ అందుకుంది.

ఆమె అన్న బయటికొచ్చి నా పక్కన నిలబడి బీడీ ముట్టించాడు. సాయంత్రం ఒక్కడే తొర్రూరు వెళ్లిపోయాడు.

బరువైన చక్రం వేగం అందుకోవాలంటే కాస్త టైం పడుతుందని పుస్తకంలో చదివాను, ఎందరికో చెప్పాను కూడా. మనుషుల విషయంలో అది నాకు ఎన్నడూ తట్టలేదు. మరిది ఆమె బరువు తగ్గించబోయాడు, అన్న ఆమెనే తీసుకుపోవాలనుకున్నాడు. టైం ఇద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. నన్ను బయటికి పంపి, ఆ టైం ఆమే తీసుకుంది.