క్వారీ బండ మీద వడియాలు

మాది చందర్లపాడు. అంతా నల్లరేగడి. మా ఇంట్లో రాయి అంటే రోలూ పొత్రమే. అరవైల మొదట్లో పెళ్ళయి చిల్లకల్లు కాపురానికి వచ్చాక ఎటు చూసినా రాయే. ఊరి బయట గుట్టమీద క్వారీలో మా ఆయన బండలు పేల్చేవాడు. బండకు బెజ్జాలు తొలిచి, మందు కూరి, వత్తి అంటించి పరుగెత్తి రావాలి. ఆ పరుగు తలుచుకుని మొదటి నెలంతా నాకు అన్నం సయించలేదు. మా అత్తగారికి అలాంటి దిగుళ్ళేమీ లేవు. ఆవిడ దృష్టిలో క్వారీ అంటే వడియాలు ఎండే చోటు.

నిజానికి అంత మంచి చోటు ఇంకెక్కడా లేదు. గుట్ట నడుమ నున్నటి పరుపుబండ, పొద్దున్నే కాగిపోయి కాలు పెట్టనిచ్చేది కాదు. కంట్రాక్టరుగారు ఒకటి రెండుసార్లు వద్దని చెప్పి చూశారు. “మీరు రాయి తీసుకోండి బాబూ, నేను ఎండ తీసుకుంటా” అందావిడ.

ఆ రోజు రోహిణి ఎండ మండిపోతోంది. అత్తగారూ నేనూ బండమీద పాత పంచెలు పరిచి బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టాం. మా ఆయన అదే బండ అంచున బెజ్జాల్లో మందు కూరుతున్నాడు. మధ్యాహ్నం పేలుడు. ఆలోగా వడియాలు కాస్త గట్టిపడితే ఎత్తేస్తామని తల్లీకొడుకుల ఒప్పందం.

భోజనాల వేళకు పడమట నల్లగా కమ్ముకొచ్చింది. మా ఆయన గబగబా ఎర్రజెండా ఎత్తి అందర్నీ దిగిపొమ్మన్నాడు. వడియాలేమో ఇంకా పచ్చిపచ్చిగానే ఉన్నాయి. మడిస్తే ముద్దయిపోతాయి. అత్తగారు బండమీద చతికిలబడింది.

“అమ్మా, లే. మందు తడిస్తే మళ్ళీ మొదట్నించీ పెట్టుకోవాలి.”

“వడియాలు తడిస్తే నేనూ మొదట్నించీ పెట్టుకోవాలి. నీ మందు కొట్లో దొరుకుద్ది. నా పప్పు రాత్రంతా నానింది.”

మా ఆయన తీర్పు చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. నేను మబ్బు వైపు చూశాను.

ఇంతలో కంట్రాక్టరుగారు గొడుగేసుకుని వచ్చి, గుట్ట పేలబోతోంది, దిగి రమ్మని బతిమాలారు. ఆవిడ అంతా విని, అయితే ఈ పంచె కొస పట్టుకోమంది. ఆయన గొడుగు పక్కన పెట్టి పట్టుకున్నారు. ఇక మిగిలినవాళ్ళకు తప్పుతుందా? రాళ్ళు కొట్టేవాళ్ళూ, లారీ డ్రైవరూ తలో మూలా పట్టారు. పంచెలు బిగలాగి, పసిపిల్లల్ని మోస్తున్నంత నెమ్మదిగా కంకర మీద దిగడం మొదలుపెట్టాం. కంట్రాక్టరుగారు వెనక్కి నడుస్తున్నారు. “మీ వైపు వాలింది, ఎత్తండి” అంటూ అత్తగారు ముందు నడిచింది.

చివరి పంచె గుట్ట కింద రేకుల షెడ్డులోకి చేరగానే మా ఆయన మళ్ళీ పైకి పరుగెత్తి అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. ఎన్ని గీసినా అంతే. ఈలోపు చినుకులు, వెంటనే వడగళ్ళు. జెండా నెత్తిన కప్పుకుని వెనక్కి వచ్చాడు. షెడ్డులో నేలంతా వడియాలదే కాబట్టి మనుషులం గోడలకు అంటుకుని నిలబడ్డాం. కంట్రాక్టరుగారికి లోపల సగం చోటే దొరికింది. ఒక భుజం తడుస్తూనే ఉంది. గొడుగు గుట్టమీదే ఉండిపోయింది.

కాసేపటికి వాన ఆగి, ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. బండ పొగలు కక్కుతోంది.

“ఎండొచ్చింది, పట్టండి” అంది అత్తగారు.

కంట్రాక్టరుగారు మొదటిసారి గొంతు పెంచారు. బండ కింద తడిసిన మందుంది, రేపు దాన్ని తీసేదాకా మనిషి అడుగు పడకూడదన్నారు. కొడుకు మొహం చూసి ఆవిడ ఎదురు చెప్పలేదు. అటూ ఇటూ చూసి, ఎండకు మళ్ళీ కాగుతున్న ఖాళీ లారీ మీద పరిపించింది. నందిగామకు కంకర వేసుకెళ్ళాల్సిన డ్రైవరు సాయంత్రందాకా కాకుల్ని తోలాడు.

మర్నాడు తడిమందు జాగ్రత్తగా తీసేసి, కొత్తది కూరి పేల్చారు. పరుపుబండ ముక్కలైపోయింది. అత్తగారు వెళ్ళి చూసొచ్చి ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడ అలా ఉండటం నేనప్పుడే చూశాను. పేలుడుకు భయపడనివాడు మా ఆయన, ఆ మౌనానికి భయపడి రెండుసార్లు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ వారంలోనే కంట్రాక్టరుగారు మా వాకిట్లో నాలుగు నాపరాళ్ళు దింపించారు. ఇక క్వారీ మొహం చూడొద్దని కబురు. అత్తగారు వాటిని చేత్తో తడిమి, ఒకటి ఎగుడుదిగుడుగా ఉందని తిప్పి కబురంపింది. ఉలి తీసుకుని మనిషొచ్చి చెక్కి వెళ్ళాడు.

ఆ సంగతి తెలిసి క్వారీ ఆడవాళ్ళంతా తమ వడియాలూ, మిరపకాయలూ మా వాకిటికే తెచ్చారు. ఆ వేసవంతా మా ఆయన పని నుంచి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడవారగా ఒంటికాలి మీద గెంతుతూ ఇంట్లోకి వచ్చేవాడు.