కోర్టు లేచేదాకా

కొత్త క్రిమినల్ చట్టాలు రావడానికి కొన్నేళ్ల ముందు నన్ను విజయవాడలోని ఒక మేజిస్ట్రేట్ కోర్టుకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా వేశారు. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున నడపడం నా పని. రోడ్డు ప్రమాదాల కేసులే ఎక్కువ.

వాటిలో తలచుకుంటే ఇప్పటికీ చిరాకేసేది నాంచారమ్మ కేసు. పెడన వైపు నేత కుటుంబం. చీరల మూట షాపులో ఇచ్చి బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటుతుంటే, ఎర్ర లైటు పడ్డా ఆగని కారు గుద్దేసింది. నడిపినవాడి చెవి దగ్గర ఫోను. నిర్లక్ష్యంగా ప్రాణం తీసినందుకు అప్పట్లో గరిష్ఠ శిక్ష రెండేళ్లు. ఇంట్లో జొరబడి బిందె ఎత్తుకెళ్లినవాడికి అంతకన్నా ఎక్కువ వేయొచ్చు.

వాయిదా రోజు ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. చిన్న వయసు, మొదటి తప్పు అన్నారు అతని వకీలు. మనిషి పోయిన కేసండీ, జైలు వేయాల్సిందేనని నేను మొత్తుకున్నాను. మేజిస్ట్రేట్ గారు జరిమానాతో పాటు ‘కోర్టు లేచేదాకా ఖైదు’ వేశారు. అంటే ఆ రోజు కోర్టు ముగిసేవరకు హాల్లో బెంచీ మీద కూర్చోవాలి. సాయంత్రం ఇంటికి పోవచ్చు.

సాయంత్రం దాకా కూడా కూర్చోలేదు. ఒక సీనియర్ వకీలు పోయారని అంతలో కబురు వచ్చింది. ఆనవాయితీ ప్రకారం అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాం. మేజిస్ట్రేట్ గారు ఆ రోజుకు కోర్టు ముగించి వెళ్లిపోయారు. భోజనాల వేళకు ముందే శిక్ష పూర్తి! ముద్దాయి ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాంచారమ్మ భర్త వీరాంజనేయులు గారు వెనక వరసలోంచి కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చారు.

“జడ్జిగారు ఏ గదిలో ఉంటారండీ? ఓ దణ్ణం పెట్టుకుని పోతానండి. మా ఆడమనిషి కోసం అంత పెద్దోళ్లు లేచి నుంచున్నారు.”

సంతాప ప్రకటన ఇంగ్లీషులో చదివారు. ఆయనకు అర్థం కాలేదు. చేతులు జోడించి ఛాంబర్ వైపు నడుస్తుంటే ఆపి, అసలు సంగతి చెప్పక తప్పలేదు. ఆయన ముద్దాయి లేచి వెళ్లిన బెంచీ వైపు చూశారు.

“మరి మా మనిషికేం చేశారండీ?”

శిక్ష చాలదని అప్పీలుకు పైఅధికారులకు ప్రతిపాదన పంపాను. అక్కర్లేదని తిరిగొచ్చింది.

కొత్త చట్టంలో ఆ రెండేళ్లు ఐదేళ్లయ్యాయి. శిక్ష కఠినమైందని సంతోషపడేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పై హద్దు పెంచారు, కింద హద్దు పెట్టలేదు. ‘ఐదేళ్ల వరకు’ అంటే ఒక్క పూట కూడా అందులోకే వస్తుంది.